పరీక్షలన్నీ బాగున్నాయి, నొప్పి మాత్రం వదలడం లేదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మూడేళ్లుగా కడుపునొప్పితో బాధపడుతున్నాను. వారంలో మూడు నాలుగు రోజులు బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు వస్తుంది. విరేచనమయ్యాక కొంత సర్దుకుంటుంది. రక్తపరీక్షలు, మల పరీక్ష, స్కానింగ్, కొలనోస్కోపీ అన్నీ చేసి ఏమీ లేదన్నారు. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పరీక్షల్లో జబ్బు కనిపించకపోయినా కడుపునొప్పి, విరేచనాల్లో తేడా ఉండే సమస్య) అని మందులు రాశారు. వాటితో సగం గుణం కనిపించింది. ఆఫీసుకు వెళ్లే రోజు పొద్దున ఏమీ తినను. మీటింగుల్లో తలుపు పక్కనే కూర్చుంటాను. ఆరు గంటలు రైల్లో కూర్చోలేనన్న భయంతో అమ్మను చూడటానికి వెళ్లి ఏడాదిన్నర దాటింది. ఇప్పుడు మా డాక్టరు ఆన్‌లైన్‌లో పది వారాల కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ, ఆలోచనలు, అలవాట్లు మార్చుకునే మానసిక చికిత్స) కోర్సు చేయమన్నారు. అది విని మా వారు, "నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను, అంతా నీ మనసులోనే ఉందని" అన్నారు. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను. కంప్యూటర్ ముందు కూర్చుంటే కడుపునొప్పి ఎలా తగ్గుతుంది? నొప్పి మాత్రలు బ్యాగులో లేకుండా నేను గడప దాటను. వాటిని కూడా మానేయమంటారా?

సమాధానం: ఈ జవాబును మీ వారిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. సగం మాటలు ఆయన కోసమే రాస్తున్నాను.

మీ నొప్పి మీరు ఊహించుకున్నది కాదు, కోరి తెచ్చుకున్నదీ కాదు. డాక్టరు ఈ థెరపీ చేయమన్నంత మాత్రాన "ఇది మానసికం" అని తేల్చేసినట్టు కాదు. స్కానింగులు, కొలనోస్కోపీ పేగు రూపాన్ని చూపిస్తాయి. పుండు ఉందా, వాపు ఉందా, గడ్డ ఉందా అని చూడటం వరకే వాటి పని. పేగు గోడలోని నాడులు ఎంత చురుగ్గా కబురు పంపుతున్నాయో, ఆ కబురు మెదడుకు ఎంత గట్టిగా వినిపిస్తోందో వాటిలో తెలియదు. రిపోర్టులో "ఏమీ లేదు" అని ఉంటే, వెతికిన జబ్బులు దొరకలేదని మాత్రమే దాని అర్థం. అది శుభవార్తే. కానీ "నీకు నొప్పి లేదు" అన్న తీర్పు కాదు.

1973లో రిచీ అనే పరిశోధకుడు ఒక ప్రయోగం చేశారు. పెద్దపేగు కింది భాగంలోకి చిన్న బెలూను పంపి, అందులో కొంచెం కొంచెంగా గాలి నింపారు. 60 మిల్లీలీటర్లకు చేరేసరికి ఆరోగ్యవంతుల్లో నూటికి ఆరుగురే నొప్పి అన్నారు. మీలాంటి బాధ ఉన్నవారిలో సగానికి పైగా నొప్పి అన్నారు. బెలూనూ అదే, గాలీ అంతే. పేగు నుంచి వచ్చే మామూలు కదలిక కూడా ఈ రెండో గుంపు వారికి నొప్పిగా అందుతోంది. వైద్యులు దీన్ని పేగు అతి సున్నితత్వం అంటారు. ఇలాంటి బాధలను గుర్తించడానికి అంతర్జాతీయ నిపుణులు 2016లో తెచ్చిన రోమ్-4 ప్రమాణాలు ఐబీఎస్ లాంటి బాధలన్నిటినీ కలిపి పేగు, మెదడు పరస్పర చర్యల రుగ్మతలు అని పిలుస్తున్నాయి. ఆ పేరులో పేగు ఉంది, మెదడు ఉంది. "ఊహ" అన్న మాట లేదు.

ఇంతకీ కంప్యూటరుకూ కడుపుకూ ఏమిటి సంబంధం? పేగు గోడల్లో కోట్ల సంఖ్యలో నాడీకణాలున్నాయి. అక్కడి నుంచి, పొట్టను మెదడుతో కలిపే వేగస్ నాడి ద్వారా, వెన్నుపాము ద్వారా మెదడుకు రాత్రింబవళ్లు సంకేతాలు వెళుతుంటాయి. మెదడు వాటిని ఊరికే అందుకుని కూర్చోదు. పైనుంచి కిందికి తన సంకేతాలు పంపి, ఏ కబురును పెంచాలో దేన్ని తగ్గించాలో నిర్ణయిస్తుంది. వెన్నుపాములో నొప్పికి తలుపులాంటి ఏర్పాటు ఉందని, మెదడు ఆ తలుపును తెరవగలదు, మూయగలదు అని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లోనే ప్రతిపాదించారు. ఆ తర్వాత వివరాలు కొన్ని మారాయి గానీ, మెదడు నొప్పిని పెంచగలదు, తగ్గించగలదు అన్న అసలు మాట నిలబడింది. భయం, కడుపు మీద అనుక్షణం పెట్టే కాపలా, నిద్రలేమి ఆ తలుపును బార్లా తెరుస్తాయి. ధైర్యం, అలవాటు, వేరే పనిలో లీనం కావడం దాన్ని దగ్గరగా వేస్తాయి. సీబీటీ పని ఈ తలుపు దగ్గరే. పేగులో జబ్బు ఉందా లేదా అన్న వాదనతో దానికి పని లేదు. పేగుల్లో నిజంగా వాపు జబ్బు ఉన్నవారికి కూడా, మందులతో వాపు తగ్గాక మిగిలిపోయే నొప్పి విషయంలో ఇదే దారి పనికిరావచ్చు.

ఇది మాటల్లో కంటే కాగితం మీద బాగా తెలుస్తుంది. ఇలాంటి కోర్సుల్లో మొదటి వారం డైరీ రాయిస్తారు. నా దగ్గరికి వచ్చేవారి డైరీల్లో తరచూ కనిపించే పేజీ ఒకటి ఇలా ఉంటుంది:

మంగళవారం, 8:10, బస్టాపు. కడుపులో గుడగుడ. నొప్పి పదికి మూడు. మనసులోకి వచ్చిన మాట: "మొదలైంది. ఇవాళ కూడా ఇంతే." చేసిన పని: చెయ్యి కడుపు మీద పెట్టుకోవడం, బ్యాగులో మాత్రలున్నాయో లేదో మూడుసార్లు తడిమి చూసుకోవడం, దారిలో టాయిలెట్లు ఎక్కడున్నాయో గుర్తు చేసుకోవడం. 8:40. నొప్పి పదికి ఆరు.

అరగంటలో మూడు ఆరయింది. ఆ అరగంటలో డైరీ రాసినామె ఏమీ తినలేదు, తాగలేదు. గుడగుడ నిజం, మొదటి మూడు పాళ్ల నొప్పీ నిజం. ఆ తర్వాతి మూడు పాళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో పేజీలోనే ఉంది. "ఇవాళ కూడా ఇంతే" అన్న మాట రాగానే ఒళ్లు బిగుసుకుంటుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, పేగు కదలిక మారుతుంది, ధ్యాసంతా బొడ్డు చుట్టూ చేరుతుంది. కాపలా పెరిగేకొద్దీ ప్రతి చిన్న కదలికా పెద్దగా తెలుస్తుంది. అప్పుడు భయం మరింత పెరుగుతుంది. ఆ మూడు పాళ్లూ కూడా అంతే నొప్పి, అంతే బాధ. తేడా ఒక్కటే: వాటి మీద మీకు పట్టు దొరుకుతుంది.

మీరు కూడా ఒక వారం ఇలా రాయండి. నొప్పి వచ్చిన ప్రతిసారీ అక్కర్లేదు, రోజుకు రెండు సందర్భాలు చాలు. "మనసులోకి వచ్చిన మాట" అన్న గడిని మాత్రం ఖాళీగా వదలకండి. చాలామంది అక్కడ "భయం వేసింది" అని రాసి ఊరుకుంటారు. ఏ మాట వచ్చిందో ఉన్నదున్నట్టు రాయాలి. "నలుగురిలో లేచి పరుగెత్తాల్సి వస్తుంది" అనే మాటకూ, "ఇది క్యాన్సరేమో, వాళ్లు కనిపెట్టలేకపోయారు" అనే మాటకూ మందు ఒకటి కాదు.

ఇక ఆన్‌లైన్ పద్ధతి నిజంగా పనిచేస్తుందా అని మీరు అడిగిన దానికి. నేను చెప్పడం కంటే, బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద పరిశోధన చెప్పింది వినండి. మందులు వాడినా ఏడాదికి పైగా ఐబీఎస్ లొంగని 558 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఫోనులో థెరపిస్టు ఎనిమిది గంటల సీబీటీ ఇచ్చారు. రెండో గుంపు వెబ్‌సైటులో సొంతంగా చేసుకుంది, వారికి థెరపిస్టుతో ఫోను మాటలు మొత్తం రెండున్నర గంటలే. మూడో గుంపుకు మామూలు వైద్యం. 2019లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, రెండేళ్ల తర్వాత చెప్పుకోదగ్గ మెరుగు కనిపించినవారు ఫోను గుంపులో 71 శాతం, వెబ్‌సైటు గుంపులో 63 శాతం, మామూలు వైద్యం గుంపులో 46 శాతం. చివరి వరకూ జవాబిచ్చినవారు 323 మందే కాబట్టి ఈ అంకెలను కొంచెం తగ్గించే చూడాలి. మామూలు వైద్యంతోనూ దాదాపు సగం మంది మెరుగయ్యారన్నది కూడా మరచిపోకూడదు. అమెరికాలో 436 మందితో జరిగిన మరో పరిశోధన 2018లో వచ్చింది. అందులో ఎక్కువగా ఇంట్లోనే సాధన చేస్తూ థెరపిస్టును నాలుగుసార్లే కలిసినవారు, పదిసార్లు కలిసినవారికి ఏమాత్రం తీసిపోలేదు. నొప్పి పూర్తిగా పోతుందని ఈ పరిశోధనలు చెప్పడం లేదు, నేనూ చెప్పను. నొప్పి పలచబడుతుంది, వచ్చినా రోజును మింగేయదు. మూడేళ్లుగా మీరు పడుతున్న దానితో పోలిస్తే అది చిన్న విషయం కాదు.

ఈ అంకెల్లో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ రెండున్నర గంటలు. వెబ్‌సైటు గుంపుకు కూడా వెనక ఒక మనిషి ఉన్నారు. అందుకే, మీ కోర్సులో వారానికోసారైనా పలకరించే, రాసిన దానికి జవాబిచ్చే థెరపిస్టు ఉన్నారా అని మీ డాక్టరును అడగండి. లేకపోతే ఆ బాధ్యత ఇంకెవరైనా తీసుకోవాలి. డాక్టరు దగ్గర నెలకోసారి డైరీ చూపించే ఏర్పాటైనా ఉండాలి. కోర్సు తయారు చేసిన వైద్యులు, మనస్తత్వ నిపుణులు ఎవరో రాసి ఉందా, మొదలుపెట్టే ముందు ప్రమాద సూచనల గురించి అడుగుతున్నారా అన్నది కూడా చూసుకోండి. ఇన్ని రోజుల్లో నొప్పి మాయం అని హామీ ఇచ్చేవాటి జోలికి పోవద్దు.

ఇప్పుడు మీకు నిజంగా చెప్పదలచుకున్న మాట. ఈ కోర్సులు తెర మీద జరగవు. తెర మీద వారానికి ముప్పావు గంటో గంటో చదువుతారు. వైద్యం జరిగేది మిగతా ఆరు రోజుల్లో, బస్టాపులో, మీటింగులో, వంటింట్లో. పది పాఠాలూ శ్రద్ధగా చదివి, ఒక్క అలవాటూ మార్చకుండా "నాకు పనిచేయలేదు" అని వచ్చినవారు నాకు బాగా తెలుసు. వారిని తప్పుపట్టను. మూడో నాలుగో వారంలో పాఠాలు చదవమనడం ఆపి చేయమనడం మొదలుపెడతాయి. భయపడేదాన్నే చేయమంటాయి కాబట్టి చాలామందికి అక్కడే మానేయాలనిపిస్తుంది.

మీరు తలుపు పక్క కుర్చీని ఎంచుకున్నారు. మూడేళ్లలో ఎన్ని మీటింగుల నుంచి లేచి పరుగెత్తాల్సి వచ్చింది? గుర్తు చేసుకుని లెక్క రాయండి. ఒకటో రెండో ఉంటాయి, అసలు ఉండకపోవచ్చు కూడా. కానీ మీ మనసు ఆ లెక్కను ఒప్పుకోదు. "తలుపు పక్కన కూర్చున్నాను కాబట్టే ఏమీ కాలేదు" అంటుంది. కాపాడుతున్నాయని మనం నమ్మే ఇలాంటి చిన్న చిన్న జాగ్రత్తలు చేసే నష్టం ఇదే. ప్రమాదం లేదన్న రుజువు మీ చేతికి అందకుండా చేస్తాయి. కాబట్టి కుర్చీ మార్చాలి. ఒక్కసారిగా కాదు. ముందు ఇరవై నిమిషాల్లో ముగిసే మీటింగును ఎంచుకుని, తలుపుకు రెండు కుర్చీల దూరంలో కూర్చోండి. వెళ్లే ముందు చిన్న కాగితం మీద రాయండి: ఏం జరుగుతుందని భయపడుతున్నారు, అది జరుగుతుందని నూటికి ఎంత నమ్ముతున్నారు. బయటికి వచ్చాక కింద రాయండి: ఏం జరిగింది. నొప్పి వచ్చిందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. నొప్పి రావచ్చు. మీరు భయపడిన సంఘటన జరిగిందా అన్నదే ప్రశ్న. ఇలాంటి కాగితాలు ఎనిమిదో తొమ్మిదో పోగయ్యాక మీకు మీరే చెప్పుకునే మాట మారుతుంది. నేను వంద సార్లు ధైర్యం చెప్పినా ఆ పని జరగదు.

రైలు ప్రయాణానికీ ఇలాగే మెట్లు కట్టుకోండి. మొదట స్టేషనుకు వెళ్లి అరగంట కూర్చుని రావడం. తర్వాత ఒక్క స్టేషను దూరం. తర్వాత గంట ప్రయాణం. ఒక్కో మెట్టు మీద భయం సగానికి దిగేదాకా అక్కడే రెండు మూడుసార్లు చేసి, ఆ పైన తర్వాతి మెట్టు. ఎప్పటికి మీ అమ్మగారింటి దాకా చేరతారో నేను చెప్పలేను. కానీ మీ కోర్సులో "లక్ష్యం" అని రాయమన్నప్పుడు "నొప్పి తగ్గాలి" అని రాయకండి. "అమ్మను చూడటానికి రైల్లో వెళ్లాలి" అని రాయండి. నొప్పి తగ్గాక వెళతానని ఎదురుచూశారు, ఏడాదిన్నర గడిచింది. వెళ్లడం మొదలుపెడితేనే నొప్పి తన పట్టు సడలిస్తుంది.

ఆ డైరీ పేజీలోని చెయ్యిని మరోసారి చూడండి. కడుపు మీద చెయ్యి పెట్టుకోవడం, నొక్కి చూసుకోవడం రోజుకు ఎన్నిసార్లు చేస్తున్నారో ఒక రోజు లెక్కపెట్టండి. చాలామంది తమ లెక్క చూసి తామే ఆశ్చర్యపోతారు. ప్రతిసారీ ఆ చెయ్యి మెదడుకు "అక్కడ ఏదో ఉంది, చూస్తూ ఉండు" అని చెబుతుంది. చెయ్యి కడుపు మీదికి వెళ్లినట్టు గమనించగానే మెల్లగా తీసి, ఎదురుగా ఉన్న పనిలో పెట్టండి. అంతకు మించి ఏమీ చేయనక్కర్లేదు.

ఊపిరి సాధన గురించి కోర్సులో తప్పక ఉంటుంది. పొట్ట పైకి లేచేలా నిదానంగా పీల్చి, అంతకంటే నిదానంగా వదలడం. దీన్ని నొప్పి లేని వేళ, రోజుకు పది నిమిషాలు చేయండి. నొప్పి వచ్చినప్పుడు మాత్రమే, దాన్ని తరిమేయాలని పట్టుబట్టి చేస్తే ఊపిరి కూడా బ్యాగులోని మాత్రలాంటిదే అవుతుంది. "తగ్గిందా, తగ్గిందా" అని చూసుకోవడంతో కాపలా రెట్టింపవుతుంది.

ఆలోచనలు మార్చుకోవడం అంటే అంతా మంచిగా ఊహించుకోవడం అనుకోకండి. అబద్ధపు ధైర్యం మొదటి గుడగుడకే పటాపంచలవుతుంది. "ఇవాళ కూడా ఇంతే" అన్న మాట పక్కన డైరీలో నిజంగా జరిగినదాన్ని పెట్టి చూడండి. "పోయిన వారం మూడు రోజులు ఇలాగే మొదలైంది, రెండు రోజులు పదింటికల్లా సర్దుకుంది, ఒక రోజు మధ్యాహ్నం దాకా ఉంది, ఆ రోజు కూడా పని పూర్తి చేశాను." ఇది నిజం, అందుకే నిలబడుతుంది.

పొద్దున తినకుండా వెళ్లడం మానండి. పొట్టలోకి ఆహారం పడగానే పెద్దపేగు కదలడం సహజ ప్రతిచర్య. తినకపోతే అది వాయిదా పడుతుంది అంతే, మధ్యాహ్నం ఒక్కసారిగా ఎక్కువ తిన్నప్పుడు మరింత బలంగా వస్తుంది. ఆఫీసు లేని రోజు మొదలుపెట్టి, కొంచెమే అయినా ఒకే వేళకు తినండి. నొప్పి వచ్చినప్పుడల్లా ఒక్కో పదార్థాన్ని మీ అంతట మీరే మానుకుంటూ పోవద్దు. అది ఆహార నిపుణుల సలహాతో, కొద్ది వారాల పాటు పరీక్షించి మళ్లీ చేర్చుకునే పద్ధతిలో జరగాలి.

ఈ సాధనంతా డాక్టరు మీ విషయంలో వెతకాల్సినవి వెతికారన్న నమ్మకం మీద చెబుతున్నాను. ఈ మధ్యలో మలంలో రక్తం కనిపించినా, మలం తారులా నల్లగా వచ్చినా, ప్రయత్నించకుండానే బరువు తగ్గుతున్నా, జ్వరం, ఆగని వాంతులు, రక్తహీనత, కామెర్లు, మింగడంలో ఇబ్బంది ఏది వచ్చినా కోర్సును పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. రాత్రి నిద్రలోంచి లేపేసే విరేచనాలు, మునుపటి తీరుకు భిన్నమైన కొత్త నొప్పి కూడా అంతే. కుటుంబంలో పెద్దపేగు క్యాన్సర్, పేగు వాపు జబ్బు, సీలియాక్ జబ్బు (గోధుమల్లోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) ఉన్నవారుంటే ఆ మాట ఇప్పటిదాకా చెప్పకపోతే చెప్పండి. ఇంకొకటి. ఏడ్చానని రాశారు. ఆ ఏడుపు రోజూ వస్తున్నా, బతకాలనిపించకపోయినా, ఆన్‌లైన్ పాఠాలకు వదిలేయవద్దు, ఆ రోజే ఒక వైద్యుడితో ఎదురుగా కూర్చుని మాట్లాడండి.

ఇక మీ వారికి. అయ్యా, మీరు చెడ్డ ఉద్దేశంతో అనలేదని నేను నమ్ముతున్నాను. రిపోర్టులు చూసి మీకు నిశ్చింత కలిగింది, అది ఆమెకూ కలగాలని అనుకున్నారు. కానీ ఆ మాట ఆమెకు "నువ్వు నటిస్తున్నావు" అని వినిపించింది. "నీ నొప్పి నిజమని నాకు తెలుసు" అని ఒక్కసారి, ఇవాళే చెప్పండి. ఆ తర్వాత నొప్పి గురించి అడగడం తగ్గించండి. ఇది వింతగా అనిపించవచ్చు. కడుపునొప్పి ఉన్న 200 మంది పిల్లల కుటుంబాలతో జరిగి 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, నొప్పి వచ్చినప్పుడల్లా బుజ్జగింపులతో చుట్టుముట్టకుండా పిల్లల ధ్యాసను పనుల వైపు తిప్పడం తల్లిదండ్రులకు, నొప్పిని తట్టుకునే మెళకువలు పిల్లలకు నేర్పిస్తే, పిల్లల నొప్పి తగ్గింది. పెద్దవారికీ ఇది వర్తిస్తుందని నా అభిప్రాయం. కొట్టిపారేయడం, పదే పదే ఆరా తీయడం రెండూ ఆమె ధ్యాసను నొప్పి దగ్గరే కట్టేస్తాయి. "ఇప్పుడెలా ఉంది?" అనే బదులు "అలా నడిచొద్దాం, వస్తావా?" అనండి. స్టేషనులో ఆ మొదటి అరగంట ఆమెతో కూర్చోండి. రెండోసారి ఆమెను ఒంటరిగా వెళ్లనివ్వండి.

చివరగా మీ బ్యాగులోని మాత్రలు. అవి ఏ మాత్రలో మీరు రాయలేదు. పేగు బిగువును తగ్గించేవైతే డాక్టరు చెప్పినట్టు వాడుకోవచ్చు, సీబీటీకి అవి అడ్డు కావు. ఓపియాయిడ్ (నల్లమందు జాతి నొప్పి మందు) కలిసినవైతే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పండి. దీర్ఘకాలం వాడితే అవే కడుపునొప్పిని పెంచగలవు. వాటిని ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే, డాక్టరు చెప్పిన తీరులో తగ్గించాలి. తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ రాస్తే "ఇది డిప్రెషన్ మందు కదా" అని కంగారుపడకండి. పేగు నొప్పి సంకేతాలను తగ్గించడానికి కూడా దాన్ని వాడతారు. ఐబీఎస్‌లో అది పనిచేస్తుందని 2023లో పెద్ద పరిశోధన ఒకటి చూపించింది.

అయితే మీరు వేసుకునే మాత్ర వేరు, వేసుకోకుండా మోసే మాత్ర వేరు. రెండోదాన్ని ఇప్పుడే పారేయమనను. మొదటి నెల బ్యాగులోనే ఉండనివ్వండి, తడిమి చూసుకోవడం మాత్రం మానండి. కుర్చీ మార్చే ప్రయోగాలు కొన్ని అయ్యాక, ఒక రోజు వీధి చివరి దాకా నడకకు వెళ్లేటప్పుడు ఆ మాత్రల షీటును అలమారలో పెట్టి వెళ్లండి. భయం నూటికి ఎంతో వెళ్లే ముందు రాయండి, వచ్చాక రాయండి. ఆ రెండు అంకెలూ నాకు పంపండి.